సాలీళ్ల వేట చూద్దాం – 5వ పాఠం: చీమల బారు పక్కన

గోడ మీది గెంతే సాలీడు ఈగ మీదికి దూకే ముందు గోడకు దారం అంటించుకోవడం పోయిన పాఠంలో చూడమన్నాను. అది కంటబడనివాళ్లు ఇంకో రెండు రోజులు గోడ దగ్గరే కూర్చోండి. ఇవాళ్టి పనంతా ఆ దారంతోనే.

ఆకులు కలిపి కుట్టిన ఎర్రచీమల గూడున్న మామిడిచెట్టు చూసుకోండి. కొమ్మకు మాత్రం చెయ్యి ఆనించొద్దు. ఒక చీమ కరిచిందంటే ఆ వాసనకు మిగతావీ పరిగెత్తుకొస్తాయి.

ఈ చీమలనే వేటాడే పీత సాలీడు ఒకటుంది. పేరు అమీసియా ఫోర్టిసెప్స్. ఒంటి రంగు అచ్చం ఆ చీమదే. పొట్ట చివర రెండు నల్లచుక్కలు చీమ కళ్లలా ఉంటాయి. పైగా ముందుకాళ్లు ఎత్తి మీసాల్లా ఆడిస్తుంది. తల ఎటుందో తేల్చుకోవడానికే మనకు కాసేపు పడుతుంది.

వేషం ఎంత బాగా కుదిరినా బారులో కలిసి నడిచే ధైర్యం దీనికి లేదు. చీమలు తమవాళ్లను ముఖ్యంగా వాసనతో గుర్తుపడతాయి మరి. అందుకే బారుకు కాస్త ఎడంగా, ఆకు అంచున కాచుకుంటుంది. ఒంటరిగా వచ్చిన చీమను చటుక్కున కరిచి, దానితో సహా దారం మీద కిందికి జారిపోతుంది. తోటి చీమలు వచ్చేసరికి ఆకు ఖాళీ. విందు గాలిలో సాగుతుంటుంది.

కాబట్టి బారులో వెతక్కండి, దాని పక్కన, ఆకుల కింద చూడండి. దారానికి వేలాడే ‘చీమ’ కనిపిస్తే అది చీమ కాదు. ఎదిగిన చీమలకు దారం తీయడం రాదు. గూడు కుట్టాలన్నా పిల్లపురుగులను నోట కరుచుకొచ్చి, వాటి పట్టునే వాడతాయి.

ఒక చిక్కుంది. అదే చెట్టు మీద మిర్మరాక్నె జాతి గెంతే సాలీడు కూడా చీమ వేషంలో తిరగవచ్చు. దానికి చీమల మీద ఆశ లేదు. చీమ జోలికి రాని శత్రువులు తన జోలికీ రాకూడదని ఆ వేషం. మగదాని దవడలు ఎంత పొడవంటే, ఒక చీమ ఇంకో చీమను మోసుకెళ్తున్నట్టు ఉంటుంది.

అభ్యాసం: మూరెడు దూరంలో నిలబడి, ఇరవై నిమిషాలు ఒకే కొమ్మను చూడండి. అనుమానం వచ్చిన ప్రతిదానికీ కాళ్లు లెక్కపెట్టండి. ఎత్తి ఆడిస్తున్న ఆ ‘మీసాలు’ నిజానికి కాళ్లే అయితే వాటినీ కలుపుకోవాలి; తల మీది నిజం మీసాలైతే కలపొద్దు, చీమకు కాళ్లు ఆరే. మొత్తం ఎనిమిది వస్తే, ఏ ఆకు దగ్గర, బారుకు ఎంత దూరంలో కనిపించిందో నోటుబుక్కులో రాసుకోండి.