ఆలోచనను తెర మీద చూపించడం – 4వ పాఠం: ఎక్కడ కూర్చోబెట్టి మాట్లాడించాలి?

పోయిన పాఠంలో ప్రశ్నలు రాసుకున్నాం కదా, ఇప్పుడు వాటిని ఎక్కడ అడగాలో చూద్దాం. ఒక కవి మీదో తత్వవేత్త మీదో డాక్యుమెంటరీ అనగానే చాలామంది చేసే పని ఆయన్ని పుస్తకాల బీరువా ముందు కూర్చోబెట్టి లైట్లు పెట్టేయడం. బాగా చదువుకున్న మనిషని తెలియడానికి తప్ప ఆ బీరువా దేనికీ పనికిరాదు. ఆయన ఏం ఆలోచించారో అందులో ఎక్కడా కనబడదు.

ఆఫ్రికాలోని మాలి దేశంలో పుట్టిన దర్శకుడు మాంథియా డియావారా ఏం చేశారో చూడండి. కవి, తత్వవేత్త ఎదువార్ గ్లిస్సాన్ మీద సినిమా తీయడానికి 2009లో ఆయనతో పాటు క్వీన్ మేరీ 2 ఓడ ఎక్కి, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ దాకా అట్లాంటిక్ దాటుతూ మాట్లాడించారు. అప్పటికి గ్లిస్సాన్‌కి ఎనభై ఏళ్లు నిండాయి. 1928లో ఫ్రాన్స్ పాలనలో ఉన్న కరీబియన్ దీవి మార్టినిక్‌లో పుట్టి, ఫ్రెంచిలో రాసి, 1958లో మొదటి నవలకే రెనోదో అనే ఫ్రెంచి సాహిత్య బహుమతి అందుకున్నారు. తర్వాత ఆ ఫ్రెంచి దీవుల స్వయంపాలన కోసం పనిచేసినందుకు ఫ్రాన్స్‌లోని ద గోల్ ప్రభుత్వం కొన్నేళ్లు ఆయన్ని సొంత దీవికి వెళ్లనివ్వలేదు.

అయితే ఓడే ఎందుకు? ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని బానిసలుగా కరీబియన్ దీవులకు చేర్చింది ఈ అట్లాంటిక్ మీదుగానే. 1990లో వచ్చిన గ్లిస్సాన్ పుస్తకం, సంబంధం అనే భావన మీద రాసింది, బానిసల ఓడ అడుగు అరలోనే మొదలవుతుంది. వేరే ఓడలు తరుముతుంటే బరువు తగ్గించుకోవడానికి గొలుసులూ ఇనుప గుండ్లూ కట్టి మనుషుల్ని నీళ్లలోకి తోసేసేవాళ్లనీ, ఆ ఇనుము సముద్రం అడుగున పచ్చబడిపోయి ఇప్పటికీ దారి గుర్తుల్లా పడి ఉందనీ రాస్తారు. అంతా పోగొట్టుకుని ఒడ్డున పడ్డవాళ్లు, ఒకరి భాష ఇంకొకరికి తెలియనివాళ్లు, చెరకు తోటల్లో కలిసి బతుకుతూ ఎవరూ ముందే ఊహించలేని కొత్త భాషనీ పాటనీ పుట్టించారు. మనిషి గుర్తింపు ఒకే వేరు నుంచి రాదు, పక్కవాడితో సంబంధంలో పెరుగుతుంది అని ఆయన చెప్పిందంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఆ ఫ్రేమ్‌ని తలుచుకోండి. విలాసవంతమైన ఓడ, అందులో ఆ బానిసల వారసుడు, చుట్టూ అదే సముద్రం. వాయిస్ ఓవర్‌లో, అంటే తెర వెనక గొంతుతో, ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. పైగా రోజుల తరబడి ప్రయాణం, మధ్యలో దిగిపోయే వీల్లేదు, కాబట్టి మాట కూడా తొందరపడదు. స్టూడియోలో గంటకి అద్దె కడుతూ ఆ నిదానం తేలేం.

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా విలువైనది. ఎదుటి మనిషితో కలిసి పనిచేయడానికి, ప్రేమించడానికి కూడా వాళ్లని పూర్తిగా అర్థం చేసుకుని తీరాలని లేదు, పూర్తిగా తేటతెల్లం కాకుండా ఉండే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది అంటారు గ్లిస్సాన్. అలాంటి మనిషి మీద సినిమా తీస్తూ, ఆయన ఒక మాట అనగానే ‘అంటే ఏమిటంటే’ అని మన గొంతు దూర్చితే ఆ ఆలోచనకే ద్రోహం చేసినట్టు. ఎడిటింగ్‌లో చేతులు దురదపెడతాయి, ఆపుకోండి. ఆయన ఆగితే షాట్‌ని కూడా ఆగనివ్వండి.

ఒక జాగ్రత్త. ఆరుబయట గాలి మాటని మింగేస్తుంది. కాలర్ మైక్‌కి బొచ్చు తొడుగు వేయండి, అక్కడి నుంచి బయల్దేరే ముందు ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి శబ్దాన్ని కనీసం అర నిమిషం విడిగా రికార్డ్ చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే పనికొస్తుంది.

ఇక అభ్యాసం. మీకు అందుబాటులో ఉన్న, సొంతంగా ఆలోచించే మనిషిని ఎంచుకోండి, మాస్టారు కావచ్చు, పాట కట్టే ఆవిడ కావచ్చు. వాళ్ల ఆలోచనని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం ఏ చోట పుట్టిందో, ఏ చోట దెబ్బతిందో వాళ్లనే అడిగి, అక్కడికి తీసుకెళ్లి ఐదు నిమిషాలు ఫోన్‌లోనే తీయండి. తర్వాత సౌండ్ తీసేసి, సంగతి తెలియని ఎవరికైనా చూపించి ఏం అనిపించిందో అడగండి. వాళ్లు చెప్పింది మీ వాక్యం దరిదాపుల్లో కూడా లేకపోతే చోటు మార్చి మళ్లీ తీయండి. 5వ పాఠంలో ఆ ఐదు నిమిషాలనే ఎడిట్ చేద్దాం, కాబట్టి ఫుటేజ్ దేన్నీ డిలీట్ చేయకండి.