బండ అంచున బలవంతం వద్దు: వేసవి క్యాంపులకు జాగ్రత్తలు

క్వారీ గుంతలో పిల్లలు మునిగారన్న వార్త లేకుండా మనకు వేసవి గడవదు. చదువులో వెనకబడి, నలుగురిలో నోరు విప్పని పిల్లలకు ధైర్యం రావాలని భువనగిరి లాంటి చోట్లకు రాపెల్లింగ్‌కు (తాడు ఆధారంగా వెనక్కి వాలి బండ దిగడం) పంపేదీ ఈ సెలవుల్లోనే. హెల్మెట్, నీళ్ల సీసా సంగతి అందరికీ తెలుసు. చెప్పాల్సింది వేరే ఉంది.

భయపడ్డ పిల్లాణ్ణి పదిమంది ముందు బలవంతంగా దించొద్దు. "ఆడపిల్లలే దిగారు, నీకేం రోగం?" అనిపించుకుని దిగినవాడు వెనక్కి వాలడు. తాడును కరుచుకుంటాడు, కాళ్లు జారతాయి, మొహం బండకు కొట్టుకుంటుంది. అంతకన్నా ముప్పు ఇంకోటుంది: నవ్వుతారని నడుము బెల్టు వదులైందనీ, ఆయాసం వస్తోందనీ చెప్పడు.

ముందు నేల మీదే హార్నెస్‌తో (నడుముకూ తొడలకూ కట్టే బెల్టు) వెనక్కి వాలడం నేర్పండి. తర్వాత పదడుగుల ఏటవాలు బండ. ఆ తర్వాతే పెద్దది. అంచు దాకా వచ్చి వెనక్కి పోతానన్నా పోనివ్వాలి. దిగనివాడికి తాడు చుట్టే పని ఇవ్వండి, శిక్షగా కాదు, జట్టులో ఒకడిగా. మలావత్ పూర్ణ ఫోటో చూపించి ఒక్క పూటలో ధైర్యం పుట్టించాలనుకునేవాళ్లకో మాట: 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన ఆ అమ్మాయి భువనగిరిలో మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో నెలల తరబడి తర్ఫీదు పొందింది.

నడుము బెల్టు తుంటి ఎముకల పైన ఉండాలి, కిందికి లాగితే జారకూడదు. బక్కపల్చటి పిల్లలకు పెద్దల సైజు కట్టొద్దు. కారబినర్ (తాడును బెల్టుకు కలిపే లోహపు కొక్కెం) స్క్రూ బిగించాక వేలితో నొక్కి చూడండి. దిగే తాడు కాక శిక్షకుడి చేతిలో ఇంకో సేఫ్టీ తాడు, దానికి వేరే యాంకర్ (పైన తాడు కట్టే ఆధారం) ఉండాల్సిందే. మధ్యలో బిగుసుకుపోయినవాణ్ణి వేలాడనివ్వకుండా వెంటనే దించాలి, ఎక్కువసేపైతే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పొచ్చు.

జుట్టు ముడి వేయించండి, చున్నీ తీయించండి. ఫిగర్ ఎయిట్‌లో (తాడు జారే వేగాన్ని అదుపు చేసే 8 ఆకారపు పరికరం) చిక్కితే పైకీ రాలేరు, కిందికీ పోలేరు.
పొద్దున పది దాటితే బండ మీద ఎవరూ ఉండొద్దు.
తేనెపట్టున్న వైపు పోవద్దు. సెంటు వద్దు, పొగ వద్దు.
ఉరిమితే దిగిపోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు.
ఇన్‌హేలర్ బస్సులో కాదు, పిల్లాడి జేబులో.
ఫిట్స్ మందులు వాడుతుంటే ఫారంలో రాసి ఊరుకోవద్దు, శిక్షకుడికి నోటితో చెప్పండి.
డ్యామ్ దిగువన నదిలోకి దింపొద్దు, ఫోటో కోసమైనా సరే. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ విద్యార్థులు కొట్టుకుపోయింది లార్జీ డ్యామ్ నీళ్లు వదిలినందుకే.
వీడియోలు ఆపండి.
వద్దన్నవాణ్ణి మళ్లీ మళ్లీ అడగొద్దు. వాళ్ల నాన్న చెప్పినా దించొద్దు.
బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టి సరిపెట్టకండి, పేరు పేరునా పిలవండి.