పప్పు రోజూ తిన్నా కండ ఎందుకు పెరగలేదంటే

ఆరు నెలలు జిమ్‌కి వెళ్లాను. వారానికి 4 రోజులు బరువులు ఎత్తినా చేతులు అలాగే ఉన్నాయి. ఇంట్లో రోజూ పప్పు ఉంటుంది కదా, ప్రోటీన్‌కి లోటేంటి అనుకునేవాణ్ని.

ఒకరోజు వంటింటి త్రాసు కొని కొలిచాను. నా కంచంలో పడే పప్పులో కందిపప్పు 30 గ్రాములే, మిగతాదంతా నీళ్లు, టమాటా. అంటే ప్రోటీన్ 6, 7 గ్రాములు. రోజంతా కూడినా 45 దాటలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క, ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్, మామూలు మనిషికి. బరువులెత్తేవాళ్లు 1.6 దగ్గర పెట్టుకుంటే మంచిది. నా 62 కిలోలకి దాదాపు 100 గ్రాములు.

పౌడర్ కొనలేదు. పొద్దున ఇడ్లీతో 3 ఉడకబెట్టిన గుడ్లు (18 గ్రాములు), మధ్యాహ్నం కూరలో 50 గ్రాముల మీల్‌మేకర్ (26), సాయంత్రం గుప్పెడు వేరుశనగ గింజలు. మీల్‌మేకర్‌ని వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండాలి, లేకపోతే ఆ వాసన కూరంతా పడుతుంది. పప్పు కాస్త గట్టిగా వండమని అమ్మని అడిగాను.

నాలుగు నెలలకి 3 కిలోలు పెరిగాను, పాత చొక్కాలు భుజాల దగ్గర బిగుతయ్యాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇంత పెంచొద్దు.