సైనిక విధుల నుంచి తిరిగొచ్చే బిడ్డను స్పోర్ట్స్ కారులో షికారు తిప్పడం ఎలా?

నెలల తరబడి దూరంగా ఉండి వస్తున్న కొడుకుకో కూతురికో స్పోర్ట్స్ కారుతో ఎదురెళ్లాలన్న ఆలోచన మంచిదే. చాలామంది దాన్ని చెడగొట్టేది తాళాల దగ్గర. బిడ్డ దిగీ దిగగానే చేతిలో తాళాలు పెట్టి "నడుపు" అంటారు. ఆ సంగతికి వస్తాను, ముందు కారు పని కానిద్దాం.

వారం ముందే బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపిన కొన్ని గంటలకు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కంటే తగ్గితే చార్జింగు పెట్టాలి. టైర్లలో గాలిని అవి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో ఉన్న అంకే ప్రమాణం, టైరు పక్కన అచ్చయింది గరిష్ఠ పరిమితి మాత్రమే. టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే అరగకపోయినా మార్చేయండి. ఆపైన కారును ఒక అరగంట తిప్పితే బ్రేకు డిస్కుల మీది పైపై తుప్పు పోతుంది.

రెండు సీట్ల కారులో కిట్ బ్యాగు పట్టదు. సామానుకు వేరే బండి ఉండాల్సిందే. ఒళ్లో పెట్టుకుంటే ఎయిర్‌బ్యాగుకు అడ్డం. అద్దె కారు జోలికి పోకండి: రాక వేళ మారుతూనే ఉంటుంది, మీటరు మాత్రం ఆగదు.

ఇక తాళాలు. మొదటి రోజు నడపాల్సింది మీరే.

సుదూర ప్రయాణం చేసి వచ్చిన మనిషికి నిద్ర ఉండదు. 17 నుంచి 19 గంటలు మెలకువగా ఉన్నవారు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారిలా మందగిస్తారని ప్రయోగాల్లో తేలింది. ఉత్సాహం వల్ల ఆ సంగతి బయటికి కనబడదు. ఓడ మీదో శిబిరంలోనో గడిపినవారు నెలలుగా స్టీరింగే పట్టి ఉండకపోవచ్చు. బాంబుల భయమున్న రోడ్లపై తిరిగినవారికి వేరే అలవాట్లుంటాయి: రోడ్డు మధ్యలో నడపడం, పక్కన చెత్తకుప్ప కనబడితే దూరం జరగడం, కూడళ్లలో ఆగకపోవడం. ఇంటికి రాగానే అవి పోవు. నాలుగు వందల హార్స్‌పవర్ ఇంజిన్ దానికి తోడైతే ఏమవుతుందో ఆలోచించండి.

శబ్దం ఇంకో చిక్కు. స్పోర్ట్ మోడ్‌లో యాక్సిలరేటరు వదిలినప్పుడు సైలెన్సరు టపటపమంటుంది. కొందరు దానికి ఉలిక్కిపడతారు. మామూలు మోడ్‌లో ఉంచండి, పైకప్పు మూసే ఉంచండి. వెనక నుంచి వచ్చి హారన్ కొట్టి ఆశ్చర్యపరచడం అసలొద్దు. ఎదురుగా, కనబడేలా నిలబడండి. తెలిసిన రోడ్డు మీద ఇరవై నిమిషాలు తిప్పి ఇంటికి తెచ్చేయండి. పాటలు పెట్టకండి, మాట్లాడాలనుకుంటే వాళ్లే మాట్లాడతారు.

రెండు రాత్రులు నిద్రపోయాక తాళాలివ్వండి. ముందుగా లైసెన్సు గడువు, బీమా వాళ్లకు వర్తిస్తుందా అన్నది చూసుకోండి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పై అంచుకు తగలాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి. ఖాళీ స్థలంలో 40 కిలోమీటర్ల వేగం నుంచి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయించండి. ఇంజిన్ నీటి వేడిని చూపే ముల్లు మధ్యకు వచ్చినా ఇంజిన్ ఆయిల్ ఇంకా వేడెక్కి ఉండదు కాబట్టి మొదటి పావుగంట ఇంజిన్ వేగం మూడు వేల ఆర్‌పీఎం దాటనివ్వకండి. చక్రాలు పట్టుతప్పి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపకూడదు. మలుపు మధ్యలో యాక్సిలరేటరు ఒక్కసారిగా వదిలితే వెనక చక్రాలు జారవచ్చని ముందే చెప్పండి, మలుపులో ఉండగా చెబితే కంగారుపడి వదిలేస్తారు.

నడపనంటే బలవంతం చేయకండి. బ్యాటరీకి చార్జరు తగిలించి షెడ్డు మూసేయండి. వాళ్లు అడిగినప్పుడు స్టార్టయితే చాలు.