స్వీటు డబ్బా మీద బొమ్మ అచ్చుకిచ్చే ముందు

నెల్లూరు మలై కాజా డబ్బాకైనా, ఒంగోలు డెయిరీ క్యాలెండర్‌కైనా నెట్‌లో దొరికిన ఫొటోను డిజైనర్‌కు పంపేముందు ఇవి చూసుకోండి.

గూగుల్ వెతికి చూపిస్తుందంతే, హక్కు దానిది కాదు. ఫొటో ఉన్న అసలు పేజీ తెరిచి లైసెన్సు చదవండి. కాపీరైట్ గుర్తు లేకపోయినా, రిజిస్ట్రేషన్ చేయకపోయినా హక్కు ఉన్నట్టే. తీసినవారు బతికున్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు నిలుస్తుంది.

క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో అందరికీ ముందే అనుమతిచ్చే లైసెన్సు)లో ‘ఎన్‌సీ’ అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు. ‘ఎన్‌డీ’ ఉంటే ఒంగోలు గిత్తను కత్తిరించి వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద అతికించకూడదు. ‘బై’ ఉంటే తీసినవారి పేరు, లైసెన్సు పేరు వేయాలి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే: చోటు చాలదని డిజైనర్ ఆ చిన్న లైను లేపేస్తాడు. అచ్చుకు ముందు చూపించే ప్రూఫ్‌లో అది ఉందో లేదో చూడండి.

అనుమతి రాతలో తీసుకోండి: దేనికి, ఎన్నాళ్లు, ఎక్కడ. హక్కులే రాయించుకుంటూ గడువు వేయకపోతే చట్టం 5 ఏళ్లుగానే లెక్కేస్తుంది.

వాటర్‌మార్కు చెరపడం జోలికే పోవద్దు.

అసలు ఊళ్లో ఫొటోగ్రాఫర్‌తో తీయించుకోవడమే మేలు. వేరే ఒప్పందం లేకుంటే, డబ్బిచ్చి తీయించుకున్నవారిదే హక్కు. బిల్లు దాచండి.

అనుమతి లేదని తెలిసీ వాడితే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద వ్యాపార లాభం కేసుల్లో 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా.