పాత లవ్‌సీట్ ఏ శైలిదో, ఎప్పటిదో తేల్చుకోవడం ఎలా

ఇద్దరు కూర్చునే చిన్న సోఫానే లవ్‌సీట్ అంటారు. పాతది కొనేటప్పుడు చాలామంది కాళ్ల వంపు, నగిషీ చూసి కాలం చెప్పేస్తారు. అది సరిపోదు. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కాలపు తరహా వంపు కాళ్లు 1750లో చేశారు, 1850లో చేశారు, 1950లోనూ చేశారు. శైలిని బట్టి తెలిసేది ఒక్కటే: ఈ వస్తువు ఫలానా ఏడాదికి ముందుది కాదు అని. నిజంగా ఎప్పటిదన్నది రంపపు గీతలు, మేకులు, స్ప్రింగులు చెబుతాయి. కాబట్టి శైలి తెలుసుకోవాలి, ఆ తర్వాత సోఫాను తిరగేసి అడుగు చూడాలి. నూరేళ్లు దాటినదాన్ని యాంటిక్ అనీ, అంతకన్నా కొత్తదైనా తన కాలపు ముద్ర స్పష్టంగా ఉన్నదాన్ని వింటేజ్ అనీ పిలవడం వ్యాపారంలో మామూలు.

శైలులు, వాటి కాలాలు

మొదట్లో ఇవి జంటల కోసం చేసినవి కావు. 17వ శతాబ్దం చివర్లో, 18వ శతాబ్దం మొదట్లో యూరప్ సంపన్న స్త్రీలు ధరించే వెడల్పాటి గౌన్లు మామూలు కుర్చీలో పట్టేవి కావు. అందుకే ఒక్కరికే వెడల్పాటి కుర్చీ చేసేవారు. ఫ్రాన్స్‌లో మార్కీజ్ అనే కుర్చీ ఇలాంటిదే. ఇంగ్లండ్‌లో రెండు కుర్చీల వీపులను పక్కపక్కన కలిపినట్టుండే సెట్టీలు వచ్చాయి. 1730ల దాకా వీటిలో వాల్‌నట్ చెక్క ఎక్కువ. 1721లో బ్రిటన్ తన అమెరికా వలసల కలపపై దిగుమతి సుంకం ఎత్తేసింది. అప్పటినుంచి మహాగని మెల్లగా ఆ చోటు ఆక్రమించింది.

పదిహేనో లూయీ శైలిలో తిన్నని గీత వెతికినా దొరకదు. వంపు కాళ్లు, గవ్వల, పూల నగిషీలు ఉంటాయి. పదహారో లూయీ శైలిలో కాళ్లు నిటారుగా నిలబడి కిందికి సన్నబడతాయి, వాటి మీద నిలువు గాళ్లు ఉంటాయి. పేరు ఆ రాజుదే అయినా ఈ శైలి ఆయన 1774లో గద్దెనెక్కకముందే, 1760లలోనే మొదలైంది. ఇంగ్లండ్‌లో చిప్పెండేల్ అనే ఫర్నిచర్ తయారీదారు 1754లో తన నమూనాల పుస్తకం అచ్చువేశాడు. డాలు ఆకారపు వీపులకు పేరుపడ్డ మరో తయారీదారు హెపుల్‌వైట్ నమూనాలు, హెపుల్‌వైట్ చనిపోయాక 1788లో వచ్చాయి. ఆ పుస్తకాలు చూసి ఎక్కడెక్కడి వడ్రంగులో అవే నమూనాలు చేశారు. అందుకే చిప్పెండేల్ అని చీటీ ఉంటే ఆ తరహా అని అర్థం చేసుకోవాలి తప్ప, చిప్పెండేల్ సొంత కార్ఖానాలో చేసిందని కాదు.

19వ శతాబ్దంలో కొత్త ఆకారాలు పుట్టుకొచ్చాయి. ఎస్ అక్షరంలా మెలికతిరిగి, ఇద్దరూ ఎదురెదురు దిక్కులకు కూర్చుని ముఖాముఖి మాట్లాడుకునే టెట్-ఎ-టెట్ వాటిలో ఒకటి. ఫ్రాన్స్ రెండో సామ్రాజ్య కాలంలో, అంటే 1852 నుంచి 1870 దాకా, దానికి మంచి ఆదరణ ఉండేది. న్యూయార్క్‌లో జాన్ హెన్రీ బెల్టర్ అనే ఫర్నిచర్ తయారీదారు పలచటి రోజ్‌వుడ్ పొరలను, ఒకదాని నారకు మరొకదాని నార అడ్డంగా వచ్చేలా అంటించి, ఆవిరితో వంచి, జాలీలా నగిషీ చెక్కించాడు. పొరలు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది ఉంటాయి. వీపు అంచును పక్కనుంచి చూస్తే సన్నటి గీతల్లా కనిపిస్తాయి. గీతలు లేకుండా ఒకే దుంగలోంచి చెక్కిన వీపైతే అది బెల్టర్ పద్ధతి కాదు. తర్వాతది ఇంగ్లండ్ రచయిత చార్లెస్ ఈస్ట్‌లేక్ పేరు మీద వచ్చిన ఈస్ట్‌లేక్ శైలి. ఇందులో వంపులు తగ్గి చదరపు చట్రాలు, యంత్రంతో గీసిన గాళ్లు కనిపిస్తాయి. ఇది 1868 తర్వాతిది.

20వ శతాబ్దపు మధ్యకాలపు శైలి గుర్తుపట్టడం తేలిక. సన్నటి కాళ్లు, టేకు లేదా స్టీలు, నగిషీ ఉండదు. డెన్మార్క్ డిజైనర్ ఫిన్ యూల్ 1941 నాటి పొయెట్ సోఫా, అమెరికా డిజైనర్ జార్జ్ నెల్సన్ కార్యాలయం నుంచి 1956లో వచ్చిన మార్ష్‌మాలో సోఫా దీనికి మంచి ఉదాహరణలు. ఇలాంటివి మళ్లీ మళ్లీ తయారవుతూనే ఉన్నాయి కాబట్టి తయారీదారు చీటీ, ముద్ర చూడకుండా పాతదని ధర కట్టకండి.

తిరగేసి చూడాల్సినవి

టార్చి, భూతద్దం, కాలిపర్ (మందం కొలిచే పరికరం), టేపు దగ్గర పెట్టుకోండి. అడుగున నల్లటి దుమ్ము గుడ్డ ఉంటే, అమ్మేవారి అనుమతితో ఒక మూల విప్పి చూడండి.

మొదట చిత్రిక పట్టని చెక్క మీద రంపపు గీతలు చూడండి. తిన్నటి గీతలైతే చేతి రంపం లేదా పైకీ కిందికీ ఆడే మిల్లు రంపం. విల్లులా వంగిన గీతలు గుండ్రటి రంపానివి, సాధారణంగా 1830 తర్వాతివి. తర్వాత మేకులు. తలలు ఎగుడుదిగుడుగా ఉన్నవి కమ్మరి చేతి మేకులు, 1800కు ముందు ఇవే ఎక్కువ. రేకులోంచి కోసిన పలకల మేకులు 19వ శతాబ్దానివి. గుండ్రటి తీగ మేకులు 1890ల తర్వాత మామూలయ్యాయి. మొన వాడిగా ఉన్న స్క్రూలు 1840ల తర్వాతివి. తల మీద ప్లస్ గుర్తుంటే 1930ల తర్వాతిది. ఒక్క స్క్రూ చూసి తీర్పు చెప్పకండి, మరమ్మతులో అది మారి ఉండొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది సీటు చట్రం. చుట్ట స్ప్రింగులు కుర్చీల్లోకి 1820ల తర్వాతే వచ్చాయి. అంతకుముందు నవారు పట్టీలను చట్రం పైఅంచుకు మేకులతో కొట్టి, దాని మీద గోనెపట్టా, గుర్రపు వెంట్రుకలు పరిచేవారు. స్ప్రింగులకు లోతు కావాలి కాబట్టి వాటితో పాటు నవారు చట్రం కిందికి మారింది. పైఅంచున పాత మేకుల రంధ్రాలుండి, ఇప్పటి నవారు కింద ఉంటే, అది స్ప్రింగులు తర్వాత పెట్టిన పాత చట్రం. పైఅంచున ఒక్క రంధ్రమైనా లేకుండా 18వ శతాబ్దపుదంటే నమ్మకూడదు. చట్రంలో ఆ చెక్క బద్ద మార్చి ఉండాలి, లేదా సోఫాయే కొత్తది. నిజంగా పాత బద్ద అంచు నాలుగైదుసార్లు గుడ్డ మార్చిన మేకులతో జల్లెడలా ఉంటుంది. పాములా మెలికలు తిరిగిన తీగ స్ప్రింగులూ, స్టేపుల్ పిన్నులూ 20వ శతాబ్దపువి.

గుండ్రటి కాలుంటే కాలిపర్‌తో రెండు అడ్డ దిక్కుల్లో కొలవండి. చెక్క ఏళ్ల తరబడి అన్ని వైపులా సమానంగా కుంచించుకోదు, కాబట్టి పాత కాలు కొద్దిగా కోలగా తేలుతుంది. రెండు కొలతలూ అచ్చంగా ఒకటైతే అనుమానించండి.

ముగ్గురు కూర్చునే సోఫాను కోసి లవ్‌సీట్ చేయడం బాగా కనిపించే మోసం. వీపు పైన నగిషీ సరిగ్గా మధ్యలో ఉందా, రెండు చివర్లా ఒకేచోట ఆగుతోందా చూడండి. పూవు సగంలో తెగినా, ఒక చివర అతుకు దగ్గర చెక్క రంగు తాజాగా ఉన్నా వదిలేయండి. పుచ్చు రంధ్రాలు పాతవైతే భయం లేదు. కింద తెల్లగుడ్డ పరిచి చట్రాన్ని తట్టండి. లేత రంగు పొడి రాలితే పురుగు బతికే ఉన్నట్టు. అలాంటిదాన్ని ఇంట్లో మిగతా చెక్క సామాను పక్కన పెట్టకూడదు.

మరమ్మతుకు ముందు

కనపడని చోట ఒక చుక్క స్పిరిట్ వేసి నిమిషం ఆగండి. మెత్తబడి అంటుకుంటే అది లక్క పాలిష్. దానికి చెమ్మ, వేడి, స్పిరిట్ పడవు గానీ, పాతపొర గీకకుండానే పైన సరిచేయొచ్చు. స్పిరిట్‌కు చలించకుండా థిన్నర్‌కు మాత్రమే కరిగితే అది 1920ల తర్వాత వాడుకలోకి వచ్చిన లాకర్ అనే మెరుపు పూత.

కూసాలు (చెక్కల అతుకులో దూరే కొసలు) వదులైతే మేకు కొట్టకండి, బద్ద నిలువునా చీలుతుంది. అతుకు విప్పి, పాత జిగురును గోరువెచ్చని నీటితో తుడిచి, జంతుచర్మపు జిగురుతోనే మళ్లీ బిగించాలి. దాన్ని రేపు మరొకరు వేడి తగిలించి విప్పుకోగలరు. తెల్ల ఫెవికాల్ లాంటివి చెక్క రంధ్రాల్లోకి దిగిపోతాయి, ఆ తర్వాత ఏ జిగురూ సరిగా పట్టదు. గుర్రపు వెంట్రుకలను పారేయకండి. ఉతికి, ఆరబెట్టి, చేత్తో విడదీస్తే మళ్లీ పొంగుతాయి. వాటి స్థానంలో ఫోమ్ నింపితే సీటు ఎత్తు, అంచు ఆకారం మారిపోతాయి. ఫోమ్ కొన్నేళ్లకే పసుపుపచ్చ పొడిగా రాలుతుంది కూడా. 20వ శతాబ్దపు మధ్యకాలపు సోఫాల్లో మొదటినుంచీ ఫోమే ఉంటే దాన్ని ఫోమ్‌తో మార్చడంలో తప్పులేదు.

రోజ్‌వుడ్ వస్తువును దేశం దాటించాలంటే ముందే కాగితాలు చూసుకోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నిషేధం ఉంది. పాతదని రుజువు లేకపోతే సరిహద్దు దగ్గర ఆపేయొచ్చు.