పాల్నాలో బిడ్డను చేర్చాలంటే: పుట్టింటి కాన్పు అయితే సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి?

టంగుటూరు, ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే తల్లులు కొందరు చంటిబిడ్డను షెడ్డులోనే చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పని చేసుకుంటారు. ఆ దుమ్ము పసివాళ్లకు మంచిది కాదు. దగ్గర్లో అంగన్‌వాడీ కమ్ క్రెష్ (పనికెళ్లే తల్లుల పిల్లలను చూసుకునే చోటు) ఉంటే పగలంతా బిడ్డను అక్కడ ఉంచొచ్చు. కేంద్రం తెచ్చిన ఈ పథకం పేరు పాల్నా. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను తీసుకుంటారు. ఈ క్రెష్‌లు నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడవాలి.

మీకు దగ్గర్లో పాల్నా కేంద్రం ఉందో లేదో అంగన్‌వాడీ టీచర్‌ను గానీ సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) ఆఫీసులో గానీ అడగండి. తల్లి ఆధార్, టీకాల కార్డు, బిడ్డ పుట్టిన తేదీకి రుజువు తీసుకెళ్లండి. ఒక్కో కేంద్రంలో 25 మందికే చోటు, అందుకని సీజన్ మొదలవక ముందే వెళ్లడం మేలు.

చిక్కంతా బర్త్ సర్టిఫికెట్ దగ్గరే. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. అమ్మాయిది కావలి, కాపురం టంగుటూరు అనుకోండి. బిడ్డను తీసుకుని అత్తగారింటికి వచ్చాక ఇక్కడి పంచాయతీ ఆఫీసులో అడిగితే "మా దగ్గర లేదమ్మా" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు పక్కకు పిలిచి, డబ్బులిస్తే ఇక్కడే చేయిస్తానంటారు. దయచేసి ఇవ్వకండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, తల్లిదండ్రుల ఆధార్‌లు పుట్టింటి వాళ్లకు ఇచ్చి, ముందు అక్కడి మున్సిపల్ ఆఫీసులో అడిగించండి.

సర్టిఫికెట్ చేతికి రాగానే బిడ్డ పేరు గడి చూడండి. ఆసుపత్రి నుంచి నమోదైనప్పుడు చాలాసార్లు అది ఖాళీగా ఉంటుంది. నమోదైన ఏడాదిలోపు పేరు రాయించుకుంటే రుసుము లేదు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుము కట్టి, 15 ఏళ్ల దాకా రాయించుకోవచ్చు. తల్లిదండ్రుల పేర్లు కూడా ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

బాల ఆధార్‌కు టెన్షన్ అక్కర్లేదు. ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు, ఫోటో చాలు. కొత్తగా నమోదు ఉచితం. ఆధార్ ఇంకా రాలేదన్న కారణంతో బిడ్డకు రావాల్సిన సేవ ఆపడానికి చట్టం ఒప్పుకోదు.

మీరు పనిచేసే కంపెనీలో 50 మంది, అంతకుమించి ఉంటే క్రెష్ సౌకర్యం యాజమాన్యమే చూపాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. దీనికి పైరవీలేమీ అక్కర్లేదు. నలుగురు తల్లులు కలిసి మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం తీసుకుని దగ్గర పెట్టుకోండి.